నడిమధ్యలో నిలిచిన కారు టాపు – చేతితో మూసే విధానము

పాస్కల్ సూత్రమును నిర్వచించి ఉదాహరణలు వ్రాయుమని పరీక్షలో అడిగితే, మనలో నూటికి తొంభై మంది హైడ్రాలిక్ జాకీ, హైడ్రాలిక్ బ్రేకు అని రెండు పేర్లు వ్రాసి మార్కులు తెచ్చుకుంటాము. నేనూ అంతే. ఆ నూనె ఎక్కడ ఉంటుంది, ఎటు పోతుంది, పోవడానికి దారి లేకపోతే ఏమవుతుంది అని ఎన్నడూ ఆలోచించిన పాపాన పోలేదు. ఆ ఆలోచన పుట్టించింది నంగునూరులో జరిగిన మా పెదనాన్న కొడుకు బరాత్. ఆ రాత్రి చూసినదీ, తర్వాత చదివి, విప్పి చూసి తెలుసుకున్నదీ కలిపి ఈ వ్యాసం వ్రాస్తున్నాను. ఇందులో నా తప్పు కూడా ఒకటి ఉన్నది. దాన్ని దాచలేదు.

బరాత్‌కు ఇప్పుడు గుర్రం పోయి ఓపెన్ టాప్ కారు వచ్చింది. మావాళ్లు హైదరాబాదు నుంచి అద్దెకు తెప్పించినది రెండు తలుపుల విదేశీ కారు. గుడ్డ టాపు. మీట నొక్కితే టాపు తనంతట తాను లేచి, ముడుచుకొని, వెనుక సీటు వెనకాల ఉన్న అరలోకి పోతుంది. మళ్లీ నొక్కితే బయటికి వచ్చి మూసుకుంటుంది. పిల్లలు సాయంత్రం నుంచి అదే చూస్తూ నిలబడ్డారు. డ్రైవరు కూడా మొగమాటానికి నాలుగైదు సార్లు తిప్పి చూపించాడు.

వైశాఖ మాసం. రాత్రి తొమ్మిదింటికి పడమటి దిక్కున మెరుపులు మొదలై గాలి లేచింది. డ్రైవరు మీట నొక్కాడు. టాపు సగం లేచి, నాగుపాము పడగలాగా నిలువునా ఆగిపోయింది. ఎంత నొక్కినా చప్పుడు లేదు. పూలదండల మధ్య పెట్టిన రంగు లైట్లను ఆ కారు వైర్లకే కలిపారట. టాపు మోటారుకు పోయే ఫ్యూజు కాలిపోయింది. అది మామూలు ఫ్యూజు కాదు, పెద్ద పట్టీ ఫ్యూజు. అటువంటిది ఆ రాత్రి నంగునూరులో ఎక్కడ దొరుకుతుంది?

"పట్టుండ్రిరా, నలుగురం గుంజితే రాదా" అని మా అన్న దోస్తులు అంచు పట్టుకొని వేలాడబోయారు. అప్పుడు మా మేనమామ అరిచాడు.

"ఆగుండ్రి! చేతులు తియ్యుండ్రి! లోపల నూనె నిండి ఉంటది. గట్ల గుంజితే రాడ్లు వంగుతయి గని అది కదలదు."

మామ ట్రాక్టర్ల పని చేస్తాడు. ఆ కారును జన్మలో చూసి ఎరుగడు. అయినా అతడు చెప్పింది అక్షరాలా నిజం. ఎందుకు నిజమో ముందు చూద్దాం.

ఇటువంటి టాపుకు రెండు పక్కల సన్నని ఉక్కు స్తూపములు ఉంటాయి. ఒక్కొక్క దానిలో ఒక ముషలకం, అంటే పిస్టన్. ముషలకానికి ఇటు నూనె, అటు నూనె. డిక్కీలో ఒక చిన్న విద్యుత్ మోటారు, దానికి అతికి ఉన్న పంపు. పంపు ఒక పక్కకు నూనె నెడితే ముషలకం బయటికి వస్తుంది, అవతలి పక్క నూనె తిరిగి పంపులోకి వస్తుంది. మోటారు వెనక్కు తిరిగితే ముషలకం లోపలికి పోతుంది. మోటారు ఆగినప్పుడు టాపు దబ్బున పడిపోకుండా పంపులో కవాటములు, అనగా వాల్వులు, దారులు మూసేస్తాయి. నూనె ఎక్కడిదక్కడ బందీ అవుతుంది. ద్రవాన్ని పిండి చిన్నగా చేయడం దాదాపు అసాధ్యం కదా! కాబట్టి ఆ టాపు తుప్పు పట్టి బిగుసుకోలేదు, ఏదో అడ్డం పడీ ఆగలేదు. నూనె పోవడానికి దారి లేక ఆగింది.

ఇక నలుగురు గుంజితే ఏమవుతుంది? లెక్క కోసం ముషలకం వ్యాసం 2 సెంటీమీటర్లు అనుకుందాం. వైశాల్యం సుమారు 3.14 చదరపు సెంటీమీటర్లు. టాపు ముందు అంచు కీలు నుంచి 100 సెంటీమీటర్ల దూరంలో, ముషలకం తగిలించిన చోటు 5 సెంటీమీటర్ల దూరంలో ఉన్నాయనుకుందాం. అంచు దగ్గర ఒక మనిషి 30 కిలోల బలంతో గుంజితే తులాదండ సూత్రం ప్రకారం ముషలకం దగ్గర అది 600 కిలోల బలం అవుతుంది. దాన్ని వైశాల్యంతో భాగిస్తే చదరపు సెంటీమీటరుకు 190 కిలోల పైచిలుకు పీడనం. ఇది ఒక్క మనిషి గుంజితే! నలుగురు గుంజితే ఒక్క పక్క రబ్బరు పైపైనా పగలాలి, చట్రమైనా వంగాలి. టాపు మాత్రం మూతపడదు. మన పుస్తకాలలో కొద్ది బలంతో పెద్ద బరువు లేపే బొమ్మనే వేస్తారు. అదే బొమ్మను తలకిందులుగా చదివితే వచ్చే ప్రమాదాన్ని ఎవరూ వేయరు.

మామకు ఈ లెక్క తెలియదు, కాని ట్రాలీ తెలుసు. వడ్లు దించడానికి ట్రాలీ డబ్బాను హైడ్రాలిక్‌తో లేపుతాం కదా. ట్రాక్టరు నుంచి వచ్చే పైపు కప్లింగు సరిగా కూర్చోకపోతే ఒక చిత్రం జరుగుతుంది. పంపు బలానికి నూనె లోపలికి దూసుకుపోతుంది, డబ్బా లేస్తుంది. దించేటప్పుడు కప్లింగులోని చిన్న కవాటం అడ్డం పడి నూనెను తిరిగి రానీయదు. లివరు కిందికి వేసినా డబ్బా ఆకాశం చూస్తూ ఉండిపోతుంది. దాన్ని అట్లాగే నడుపుకుంటూ ఇంటికి పోదామనుకునేవాళ్లు ఉంటారు. దారిలో కరెంటు తీగలు ఉంటాయన్న సంగతి వారికి గుర్తుకు రాదు. డబ్బా కిందికి దూరి పైపు విప్పబోయేవాళ్లు ఇంకా అధ్వాన్నం. మామ షెడ్డులో ఒక తుమ్మ మొద్దు ఎప్పుడూ ఉంటుంది. మొద్దు కింద పెట్టనిది ఎవరినీ డబ్బా కిందికి పోనీయడు.

అసలు కథకు వద్దాం. కారు అరలో దానితోపాటు వచ్చిన పుస్తకం ఉంది, ఇంగ్లీషులో. "అల్లుడా, సదువుతున్నవ్ గద, సదువు" అని మామ నా చేతికిచ్చాడు. సెల్‌ఫోన్ వెలుతురులో చదివాను. టాపు పని చేయనప్పుడు చేతితో మూసే పద్ధతి నాలుగు పేజీలు ఉంది. ఇటువంటి కార్లు చేసేవాళ్లు సాధారణంగా ఆ అవకాశం పెట్టే ఉంచుతారు. డిక్కీలో పక్క గుడ్డ తొలగిస్తే పంపు, పంపు మీద ఒక స్క్రూ. అది నూనెకు దొంగదారి. స్క్రూ వదులు చేస్తే ముషలకం అటు నూనె, ఇటు నూనె ఒకదానితో ఒకటి కలుస్తాయి, బందీ విడిపోతుంది, టాపు చేతితో కదులుతుంది. స్క్రూను చెప్పినంత మేరకే తిప్పాలి. మొత్తం విప్పితే నూనె కారిపోతుంది.

మామ అప్పటికే టెంటు హౌజు వాళ్ల కర్రలు రెండు తెప్పించి, చివరలకు తువ్వాలలు చుట్టిస్తున్నాడు. ఒకటి చట్రం కింద ఎడమ పక్క నిలబెట్టాడు. రెండోది ఇంకా పెట్టనే లేదు. చినుకులు పడుతున్నాయి, పెండ్లికూతురి పట్టుచీర తడుస్తున్నది, అందరూ నన్నే చూస్తున్నారు. స్క్రూ దొరికిన సంబరంలో తిప్పేశాను. "స్క్రూ వదులు చేసేముందు టాపును ఇద్దరు పట్టుకొని ఉండవలెను" అన్న వాక్యం ఆ పేజీలోనే ఉంది. నేను దాన్ని దాటేసి చదివాను.

టాపు కుడి పక్కకు ఒరిగింది. నేను ఉరికి వెళ్లి దొరికిన చోట పట్టుకున్నాను. దొరికినది చట్రం మోచేయిలాగా మడిచే కీలు. అది కత్తెర వంటిది. చిటికెన వేలు అందులో పడింది. మామ కర్ర పెట్టి ఎత్తకపోతే వేలు ఉండేది కాదు. గోరు నల్లబడి ఊడి, మళ్లీ వచ్చేసరికి నాలుగు నెలలు పట్టింది. ప్రాక్టికల్ పరీక్షలో బ్యూరెట్టు పట్టుకున్నప్పుడల్లా ఆ వాక్యం గుర్తుకు వచ్చేది.

ఆ తర్వాత పని నిదానంగా, మామ మాట మీద నడిచింది. తలుపుల అద్దాలన్నీ కిందికి దించాము, లేకుంటే చట్రం అద్దం అంచుకు తగులుతుంది. అటొకరు ఇటొకరు నిలబడి, కీళ్ల దగ్గర కాక వెడల్పాటి కమ్మీ దగ్గర పట్టుకొని, ఇద్దరం ఒక్కసారే ఎత్తాము. ఒక పక్క ముందు, ఒక పక్క వెనక పోతే చట్రం మెలితిరుగుతుంది. టాపు ముందుకు వచ్చి అద్దం పైకమ్మీ మీద వాలింది. కాని టాపు వెనుక అంచు దిగవలసిన చోట అర మూత ఇంకా తెరిచే ఉంది. వరుస తప్పకూడదు. వెనుక అంచును పైకి ఎత్తి పట్టుకొని, అర మూత దించి, తాళం పడిందని చప్పుడు విని, అప్పుడు వెనుక అంచును దాని మీదికి దించాలి. మావాడొకడు తొందరపడి అంచు ముందే దించితే మళ్లీ మొదటికి వచ్చింది.

చివరి పని ముందు కొండ్లు. టాపు అద్దం మీద ఆనినంత మాత్రాన మూసుకున్నట్టు కాదు. లోపలి వైపు నడుమ ఒక ప్లాస్టిక్ బిళ్ల తీస్తే ఆరు మూలల రంధ్రం ఉంటుంది. పనిముట్ల సంచిలోని అలెన్ కీతో తిప్పితే కొండ్లు ముందుకు వచ్చి కమ్మీని గట్టిగా లాగి పట్టుకుంటాయి. ఇది పడకుండా రోడ్డెక్కితే గాలి కిందికి దూరి టాపును వెనక్కి విరిచేస్తుంది. అన్నీ అయ్యాక స్క్రూ మళ్లీ బిగించాము. అది వదులుగానే ఉంటే మర్నాడు ఫ్యూజు వేసినా పంపు నూనెను ఊరికే చుట్టూ తిప్పుతుంది, టాపు లేవదు. మొత్తం నలభై నిమిషాలు పట్టింది. వాన జోరయ్యేసరికి మూశాం గాని, సీట్లు అప్పటికే సగం తడిసినవి.

అన్ని కార్లూ ఇట్లే ఉండవు. కొన్నింటిలో నూనె లేదు, మోటారు, పళ్లచక్రాలే. అక్కడ మోటారు ఇరుసును అలెన్ కీతో తిప్పాలి. దాన్ని అంచు పట్టుకొని నెడితే రాదు, మరచుట్టు గేరు వెనక్కి తిరగదు గనుక. లారీ కింది స్క్రూ జాకీ బరువుకు తనంతట దిగనట్లే. ఏ కారైనా ముందుగా చూడవలసినవి మాత్రం చిన్నవే. డిక్కీ సరిగా మూసి ఉన్నదా, లోపల సామాను అడ్డు తెర దాని చోట ఉన్నదా, బ్యాటరీ బలం ఉన్నదా, ఫ్యూజు బాగున్నదా. వీటిలో ఏది తేడా ఉన్నా యంత్రం తనను తాను ఆపుకుంటుంది. మోటారు తిరుగుతున్న చప్పుడు వస్తూ టాపు కదలకపోతే నూనె తగ్గిందేమో చూడాలి. కారుతున్న చోటును వేలితో తడమరాదు. అధిక పీడనంలో సన్నని రంధ్రం నుంచి వచ్చే నూనె చర్మంలోకి సూదిలాగా దిగుతుంది. పైకి చీమ కుట్టినట్టే కనిపించినా వెంటనే ఆసుపత్రికి పోవలసిన గాయం అది. అట్టముక్క అడ్డం పెట్టి చూడాలి.

పాస్కల్ 1662లో చనిపోయాడు, ద్రవాలపై అతని గ్రంథం 1663లో అచ్చయింది. దాన్ని ఆధారం చేసుకొని బ్రామా అనే ఆంగ్లేయుడు 1795లో పీడన యంత్రానికి పేటెంటు పొందాడు. కారు టాపుకు యంత్రబలం వచ్చింది చాలా తర్వాత. అమెరికాలో 1939 ప్లిమత్ కారులో టాపును శూన్య పీడనంతో లేపారు. 1957 నుంచి 1959 వరకు ఫోర్డు చేసిన స్కైలైనర్‌లో ఇనుప టాపే మడిచి డిక్కీలోకి పోయేది, అందుకోసం 600 అడుగులకు పైగా వైరు వాడారు. అంత వైరు ఉన్నచోట ఏదో ఒకటి తెగకుండా ఉంటుందా! మన పాత జీపుల కాన్వాసు టాపు బకిళ్లు పెట్టి చేతితోనే కట్టేవారు, అది నడుమ ఆగే ప్రసక్తే లేదు.

మా మండలంలోని నర్మెట్టలో 2017లో పురావస్తు శాఖవారు బృహత్ శిలాయుగపు సమాధి తవ్వినప్పుడు దాని పైకప్పు బండను క్రేనుతో ఎత్తారు. బండ బరువు నలభై టన్నుల ప్రాంతం. అప్పుడు నేను చిన్నవాణ్ణి. క్రేను ఎంత పెద్దదో అన్నదే జనం మాట్లాడుకున్నారు. ఎత్తిన బండ గాలిలో ఎట్లా ఆగి ఉన్నదని ఇప్పుడైతే అడిగేవాణ్ణి.

ఇక మన ట్రాలీల సంగతి. కారు చేసేవాడు పెట్టిన ఆ చిన్న స్క్రూ మా ట్రాలీకి లేదు. అందుకే డబ్బా ఇరుక్కున్నప్పుడు పైపు నట్టునే పానాతో వదులు చేస్తారు. ఒక్క చుట్టు ఎక్కువైతే నూనె చిమ్ముతుంది, డబ్బా కూలుతుంది. పక్కన నిలబడి మెల్లగా తిప్పుకోగల వాల్వు ఒకటి పైపుకు బిగిస్తే ఈ బాధ తప్పుతుంది కదా అని మామను అడిగాను. "పుస్తకంల ఉన్నదా?" అన్నాడు. కారు పుస్తకంలో ఉన్నదన్నాను. తర్వాతి ఆదివారం సిద్దిపేట పోయి, ట్రాక్టరు పీడనానికి తట్టుకునే వాల్వు అడిగి తెచ్చి మా ట్రాలీకి బిగించాడు. మొద్దు మాత్రం షెడ్డులోంచి తీయలేదు. వాల్వుకు ఎర్ర రంగు వేసే పని నాకిచ్చాడు. గోరు లేని వేలితోనే వేశాను.