ఆంగ్లమున కోడిపుంజు, తెలుగున తాటిచెట్టు

ఆంగ్ల వాచకములలో మన విద్యార్థులను చిక్కుపెట్టు నుడికారములలో ‘కాక్ అండ్ బుల్ స్టోరీ’ యనునది యొకటి. మాటకు మాట తెలిగించినచో ‘కోడిపుంజును ఆబోతును గూర్చిన కథ’ యగును. ఉత్తరపత్రములలో ఇట్లే వ్రాసి, అంతతో తృప్తినొందక కోడిపుంజునకును ఆబోతునకును స్నేహము గలిగిన వృత్తాంతము నొకదానిని స్వయముగా కల్పించి చేర్చినవారిని గూడ మేమెఱుగుదుము. వారు తెలియకయే ఆ నుడికారమునకు మంచి యుదాహరణము నిచ్చిరి. ఏలయన దాని యర్థము ‘నమ్మదగని కల్పితము’ అని. అందును విశేషముగా, తప్పించుకొనుటకై యప్పటికప్పు డల్లిన సాకు అని.

ఈ పలుకుబడి యెట్లు పుట్టెనని యడిగినచో ఇంగ్లండున స్టోనీ స్ట్రాట్‌ఫర్డ్ అను నూరివారు వెంటనే యుత్తరము చెప్పుదురు. అది బకింగ్‌హామ్‌షైరు ప్రాంతమున, రోమనుల నాటి వాట్లింగ్ స్ట్రీట్ అను రాజమార్గముపై నున్న యూరు. అచట కాక్ అనియు బుల్ అనియు రెండు సత్రములు దగ్గఱ దగ్గఱగా నున్నవి. బండ్లు దిగిన బాటసారులు ఒక సత్రమున విన్న వార్తను రెండవ సత్రమున చెప్పునప్పటికి అది గోరంత కొండంత యగుచుండెనట. కథ వినుటకు సొంపుగనే యున్నది గాని దానికి రుజువు లేదు. 1621వ సంవత్సరమున ప్రకటింపబడిన రాబర్టు బర్టను గ్రంథమునందే, పానపాత్రల చుట్టు జేరి కోడిపుంజును ఆబోతును గూర్చి ముచ్చటించు మనుజుల ప్రసక్తి కనబడుచున్నది. ఆ మార్గమున ప్రయాణపు బండ్ల రాకపోకలు మిక్కిలి ప్రబలినది తరువాతి కాలముననే. కావున ఆ సత్రముల కథయే యొక ‘కాక్ అండ్ బుల్’ కథ యేమో యని మా యనుమానము. ఫ్రెంచి భాషలో పొంతనలేని ప్రసంగమునకు ‘కోడిపుంజునుండి గాడిదకు’ అను నర్థము గల పలుకుబడి యున్నది. దానికిని దీనికిని చుట్టఱికము గలదని కొందఱు పండితు లూహించిరి. లారెన్సు స్టెర్ను 1759 మొదలు 1767 వఱకు తొమ్మిది సంపుటములుగా వెలువరించిన ‘ట్రిస్ట్రమ్ షాండీ’ నవల సరిగా ఈ రెండు జంతువుల పేళ్లతోనే ముగింపునకు వచ్చును.

ఇక మన భాషకు వత్తము. కట్టుకథ, పుక్కిటి పురాణము, కాకమ్మ కథ అనునవి యన్నియు నించుమించుగా నీ యర్థమునిచ్చునవే. పిట్టకథ మాత్రము వేఱు. అది ప్రధానకథ నడుమ చెప్పు చిన్నకథయే గాని అబద్ధమని దాని భావము కాదు. పిట్ట యన్న మాట జూచి మోసపోకుడు. అట్లే పంచతంత్రమును గాని ఈసపు కథలను గాని ‘కాక్ అండ్ బుల్’ కథలనరాదు. ఎద్దును సింహమును మాటలాడినవని విష్ణుశర్మ మనలను నమ్ముమని కోరలేదు. నమ్ముమని చెప్పినప్పుడే కల్పితము బొంకగును.

సాకులకు మన తెలుగున నున్న సామెతతో తులతూగునది మాకు ఆంగ్లమున గానరాలేదు. ‘తాటిచెట్టేల యెక్కితివిరా’ యన్న ‘దూడమేతకు’ అన్నాడట. ‘తాటిచెట్టున మేత యెక్కడిదిరా’ యన్న ‘లేదు గనుకనే దిగుచున్నాను’ అన్నాడట. తాళ్లు బారులు తీర్చిన మన ప్రాంతమున దీనికి వ్యాఖ్యాన మవసరము లేదు. వాడెక్కినది కల్లుకుండ కొఱకు. క్రింద చెట్టుగలవాడు నిలుచుండగా యోచించుటకు వ్యవధి లేదు. నోటికి వచ్చినది దూడ. అయితే ఈ సామెత యందలి సారము రెండవ జవాబునందున్నది. మొదటి బొంకు కూలునప్పుడు దానిని నిలుపుటకు రెండవది పుట్టుటయు, అది మొదటిదానికంటె తెలివిగా నుండుటయు గమనింపుడు. నిర్గమకాండము ముప్పది రెండవ యధ్యాయమున మోషే నిలదీసినప్పుడు అహరోను చెప్పిన సంజాయిషీ యీ జాతిదే. బంగారమును అగ్నిలో వేసితిననియు, ఈ దూడ తానే బయటికి వచ్చినదనియు ఆయన పలికెను. అచటను దూడయే!

‘బొంకరా పోలిగా యన్న టంగుటూరి మిరియాలు తాటికాయలంత’ అను సామెత వేఱొక తెగకు జెందినది. అది సాకు కాదు, గొప్పకోత. ఆంగ్లమున దీనిని ‘టాల్ స్టోరీ’ యందురు. కోతలరాయని జూడగోరువారు విజయనగరమునకు బోవలెను. అచట 1892లో మొదట ప్రదర్శింపబడి 1897లో అచ్చయిన గురజాడ అప్పారావుగారి ‘కన్యాశుల్కము’న గిరీశము రెండు విద్యలయందును ప్రవీణుడు. డెక్కను కాలేజీలో తన యుపన్యాసము విని ప్రొఫెసర్లు నివ్వెఱపోయిరని చెప్పుట గొప్పకోత. పరీక్ష తప్పిన వేంకటేశము తండ్రి యెదుట కృతార్థుడనైతినని చెప్పగా, ప్రక్కనుండి వత్తాసు పలుకుట కట్టుకథ. మొదటిదానికి నవ్వుదుము. రెండవదానికి నవ్వుచునే, మన బడిలోని కొందఱు పిల్లలను దలచి కొంచెము సర్దుకొని కూర్చుందుము.

ప్రయోగమును గూర్చి యొక్కమాట. ఈ నుడికారము ఎదుటివాని మాటను తృణీకరించునది. కావున దీనిని వాడువాడు ఆ మాట అబద్ధమని తేల్చుకొనినవాడై యుండవలెను. దీనిని మేము విద్యార్థులకు గాక ఉపాధ్యాయులకే ముందు చెప్పవలసి యున్నది. మహేంద్రతనయ కొండయేఱు. సుమా రైదువేల యడుగుల యెత్తున్న మహేంద్రగిరి వైపున రాత్రి వాన గురిసినచో, పాతపట్నమున ఆకాశము నిర్మలముగా నున్నను ఏట నీరు పొంగవచ్చును. అట్టి యుదయమున ఆవలి గట్టు బాలుడు రెండవ గంట గడచిన తరువాత వచ్చి ‘ఏఱు వచ్చినదండీ’ యనును. బయట ఎండ కాయుచుండును; ధూళి యెగయుచుండును. వాని మాట అచ్చముగా తాటిచెట్టుపై దూడమేత వలెనే వినబడును. అయినను అది సత్యము. ఆ బాలుని తరగతి యెదుట నవ్వులపాలు చేసినచో, నిజము చెప్పినను బొంకు చెప్పినను ఫలమొక్కటే యని వాడు గ్రహించును. మఱునాడు నమ్మదగిన అబద్ధమునే తెచ్చును.

వానిని పరీక్షించుట కష్టము కాదు. కల్పితమునకు వివరములు తక్కువ. నీరెంతవఱకు వచ్చినది, ఎవరితో గూడి దాటితివి, పుస్తకము లెట్లు తెచ్చితివి అని మెల్లగా నడిగినచో, నిజముగా దాటినవాడు అడిగినదానికంటె నెక్కువ చెప్పును. తడిసిన పంచె యంచు మిగిలినది చెప్పును. అట్టి దినమున మేము హాజరుపట్టికలో వాని పేరునకు ఎదురుగా ఆలస్యమని వ్రాయక, ‘ఏఱు’ అని వ్రాయుచున్నాము.