కడుపు ఉబ్బరానికి కారణం ఏ పదార్థం? తీసేసి, తిరిగి చేర్చి తేల్చుకునే పద్ధతి

ఉదయం రెండు ఇడ్లీలు, గిన్నెడు సాంబారు, కప్పు కాఫీ. పదకొండు గంటలకల్లా పొట్ట ఉబ్బుతుంది, పేగులు మెలిపెట్టినట్టవుతుంది, ఒక్కోసారి ఉన్నపళంగా మరుగుదొడ్డికి పరుగెత్తాల్సి వస్తుంది. తప్పు దేనిది? ఇడ్లీలోని మినప్పప్పుదా, సాంబారులోని కందిపప్పుదా, ఉల్లిపాయలదా, కాఫీలో కలిపిన పాలదా, అసలు కాఫీదేనా? ఇంట్లో ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతారు. పప్పు వాతమని పెద్దలంటారు, గోధుమ మానెయ్యమని పిల్లలంటారు. ఏదో ఒకటి మానేస్తే నాలుగు రోజులు బాగున్నట్టే ఉంటుంది, తర్వాత బాధ మళ్లీ మొదలవుతుంది. అప్పుడు ఇంకొకటి మానేస్తారు. ఇలా ఒక్కొక్కటే వదిలేస్తూ చివరికి చారన్నంతో రోజులు గడిపేవారు తక్కువేమీ కాదు. అంత చేసినా అసలు కారణం మాత్రం తేలదు.

ఈ చిక్కు విప్పడానికి వైద్యులు వాడే పద్ధతి ఎలిమినేషన్ డైట్. అనుమానం ఉన్న పదార్థాలన్నింటినీ కొన్ని వారాలు ఒకేసారి తీసేసి, బాధ తగ్గాక ఒక్కొక్కటే తిరిగి చేర్చి చూడటమే దీని సారం. ఆహారపు అలర్జీల కోసం దీన్ని మొదట ఒక క్రమంలో వాడినవారిలో అమెరికాలోని కాలిఫోర్నియాకు చెందిన వైద్యుడు ఆల్బర్ట్ రో ఒకరు. 1920లలోనే ఆయన దీనిపై పనిచేశారు. పేరులో తీసెయ్యడమే కనిపిస్తున్నా, అసలు జవాబు దొరికేది తిరిగి చేర్చేటప్పుడే. చాలామంది సగంలో ఆగిపోయేది కూడా అక్కడే.

అయితే వంటగదిలో ఏదైనా మార్చేముందు వైద్యుణ్ణి కలవాలి. మలంలో రక్తం పడటం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, రాత్రి నిద్రలోంచి లేపేసే నొప్పి లేదా విరేచనాలు, యాభై ఏళ్లు దాటాక కొత్తగా మొదలైన మార్పు... వీటిలో ఏది ఉన్నా ముందు పరీక్షలు జరగాలి. సీలియాక్ వ్యాధి సంగతి మరీ ముఖ్యం. గోధుమ, బార్లీలలో ఉండే గ్లూటెన్‌కు స్పందించి శరీరపు రక్షణ వ్యవస్థ చిన్నపేగు లోపలి పొరను దెబ్బతీసే జబ్బు ఇది. మన దేశంలో దక్షిణాది కంటే ఉత్తరాదిలో ఎక్కువగా కనిపిస్తుంది. దీన్ని పట్టుకునే రక్తపరీక్ష గోధుమ తింటున్నంతకాలమే సరిగా పనిచేస్తుంది. ముందే చపాతీ మానేసి పరీక్షకు వెళితే, జబ్బు ఉన్నా లేదనే ఫలితం రావచ్చు. రొయ్యలో వేరుశనగలో తిన్న కాసేపటికే దద్దుర్లు లేవడం, పెదాలు వాయడం, ఊపిరాడకపోవడం వంటివి ఉంటే అది అలర్జీ. అలాంటి పదార్థాన్ని ఇంట్లో మళ్లీ తిని పరీక్షించడం ప్రాణాంతకం.

అలాంటివేవీ లేవని తేలాక మిగిలే బాధల్లో ఎక్కువగా కనిపించేది ఐబీఎస్, అంటే పేగుల అతిసున్నితత్వం. దీనికి ఇప్పుడు విస్తృతంగా వాడుతున్న ఎలిమినేషన్ డైట్ ఆస్ట్రేలియాలోని మోనాష్ విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకుంది. పీటర్ గిబ్సన్, స్యూ షెపర్డ్ 2005లో దీని వెనకున్న పదార్థాలకు ఫోడ్‌మ్యాప్ అని పేరు పెట్టారు. చిన్నపేగులో సరిగా ఇంకని, పెద్దపేగులో సులువుగా పులిసే చిన్న పిండిపదార్థాలివి. పాలలోని లాక్టోజ్, ఉల్లి, వెల్లుల్లి, గోధుమల్లోని ఫ్రక్టాన్లు, పప్పుల్లోని రాఫినోజ్ వంటి చక్కెరలు, మామిడి, తేనెల్లో అధికంగా ఉండే ఫ్రక్టోజ్, పుట్టగొడుగుల్లోని మానిటాల్ ఈ కోవలోకి వస్తాయి.

ఫ్రక్టాన్లను, రాఫినోజ్‌ను విడగొట్టే ఎంజైములు మనిషి పేగులో ఎవరికీ లేవు. అందుకే పప్పు తింటే గ్యాసు అందరికీ పుడుతుంది. ఈ పదార్థాలు చిన్నపేగులోకి నీటిని లాగుతాయి, పెద్దపేగులో బ్యాక్టీరియా వాటిని తిని హైడ్రోజన్ వంటి వాయువులను వదులుతుంది. పేగు సాగుతుంది. మామూలు మనిషికి పట్టని ఆ సాగుడే, పేగుల నరాలు సున్నితంగా ఉన్నవారికి నొప్పిగా తెలుస్తుంది. అంటే ఇది పప్పు దోషమూ కాదు, మనిషి ఊహా కాదు.

మొదటి దశ రెండు నుంచి ఆరు వారాలు. తెలుగింటి వంటలో కష్టమంతా ఉల్లి, వెల్లుల్లి దగ్గరే వస్తుంది. కార్తీక మాసంలో వాటిని మానేసే ఇళ్లకు ఈ వంట కొత్త కాదు, కానీ అప్పుడు పప్పులు, పాలు మామూలుగానే సాగుతాయి కాబట్టి దాన్ని పరీక్షగా లెక్కించలేం. ఇక్కడ ఒక కిటుకు ఉపయోగపడుతుంది. ఫ్రక్టాన్లు నీళ్లలో కరుగుతాయి, నూనెలో కరగవు. వెల్లుల్లి రెబ్బలను నూనెలో వేయించి, రెబ్బలు తీసిపారేసి, ఆ నూనెతో తాలింపు పెడితే వాసన వస్తుంది, ఫ్రక్టాన్లు రావు. అదే సాంబారులో ఉడికిన ఉల్లిముక్కలను ఏరి పక్కన పెడితే లాభం లేదు, చేరాల్సింది అప్పటికే పులుసులో చేరిపోయి ఉంటుంది. ఉల్లికాడల్లో ఆకుపచ్చ భాగం వాడుకోవచ్చు. ఇంగువ కూడా వాడవచ్చు కానీ, బజారులో దొరికే ఇంగువ పొడిలో తరచూ గోధుమపిండి కలుపుతారు. సీలియాక్ ఉన్నవారు డబ్బా మీది వివరాలు చదవక తప్పదు. అన్నం, వంకాయ, టమాటా, క్యారెట్, బంగాళాదుంప, గుడ్లు, చేపలతో భోజనం నడుస్తుంది. శాకాహారులకు పప్పూ పాలూ రెండూ తగ్గితే మాంసకృత్తులకు, కాల్షియానికి లోటు వస్తుంది. ఆహార నిపుణుల సాయం అందుకే అవసరం.

బాధ తగ్గకపోతే? అదీ ఒక జవాబే. ఆరు వారాలు నిక్కచ్చిగా పాటించినా తేడా లేకపోతే ఫోడ్‌మ్యాప్‌లు కారణం కావని అర్థం, మామూలు భోజనానికి తిరిగి వచ్చి కారం, నూనె, కాఫీ, ఆందోళనల వైపు చూడాలి.

తగ్గితే రెండో దశ మొదలవుతుంది. మిగతా భోజనం మార్చకుండా ఒక్కో వర్గాన్నీ మూడు రోజులపాటు, మోతాదు పెంచుతూ తినాలి. పాలైతే మొదటి రోజు పావు కప్పు, రెండో రోజు అర కప్పు, మూడో రోజు కప్పు. ఏమైందో రాసుకోవాలి. రెండు మూడు రోజులు విరామమిచ్చి తర్వాతి దానికి వెళ్లాలి. గోధుమనూ ఉల్లినీ విడివిడిగా చూడాలి, ఎందుకంటే రెండింటిలోనూ ఫ్రక్టాన్లే ఉన్నా ఒకటి పడి ఇంకొకటి పడకపోవచ్చు. లాక్టోజ్ అరగనివారిలో చాలామంది ఒక కప్పు పాలను తట్టుకుంటారు. పెరుగు ఇంకా తేలిక, దానిలోని బ్యాక్టీరియా లాక్టోజ్‌ను విడగొట్టే ఎంజైమును తనతోనే తెస్తుంది.

ఈ దశలో తొందరపడి ముద్ర వేస్తే ఏమవుతుందో 2018లో వెలువడిన నార్వే అధ్యయనం చూపింది. సీలియాక్ లేకపోయినా గ్లూటెన్ పడదని నమ్మి గోధుమ మానేసిన 59 మందికి పరిశోధకులు మూడు రకాల మ్యూస్లీ బార్లు ఇచ్చారు. ఒకదానిలో గ్లూటెన్, ఒకదానిలో ఫ్రక్టాన్, మూడోదానిలో రెండూ లేవు. ఎవరికి ఏది అందిందో వారికి తెలియదు. గ్లూటెన్‌కూ ఉత్తి బారుకూ మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు, ఎక్కువ ఉబ్బరం ఫ్రక్టాన్‌తోనే వచ్చింది. విచిత్రమేమిటంటే, 22 మందికి అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగింది ఏమీ కలపని బారు తిన్నప్పుడే. పడదేమోనన్న భయం కూడా పేగుల్ని కదిలిస్తుంది. అందుకే అనుమానాస్పద ఫలితం వచ్చిన పదార్థాన్ని కొన్నాళ్లాగి మరోసారి పరీక్షించాలి. ఇక రక్తంలో ఐజీజీ యాంటీబాడీలు కొలిచి పదుల కొద్దీ ఆహారాల నిషేధ జాబితా చేతిలో పెట్టే పరీక్షలపై డబ్బు పెట్టడం దండగ. ఆ యాంటీబాడీలు ఆ ఆహారం తిన్నామని చెబుతాయి, పడదని కాదు.

మొదటి దశ హాయిగా ఉందని అక్కడే ఉండిపోవడం మంచిది కాదు. ఈ పిండిపదార్థాలే పేగుల్లోని బైఫిడోబ్యాక్టీరియాకు మేత. వీటిని మానేసినవారిలో ఆ బ్యాక్టీరియా తగ్గినట్టు అధ్యయనాల్లో తేలింది. ఎదిగే పిల్లలు, గర్భిణులు, ఇప్పటికే బరువు తక్కువున్నవారు, తిండి విషయంలో మానసిక ఇబ్బంది ఉన్నవారు వైద్య పర్యవేక్షణ లేకుండా దీని జోలికి వెళ్లకూడదు.

మూడో దశలో చేతికొచ్చేది నిషేధాల పట్టిక కాదు, మోతాదుల లెక్క. ఒకరికి కాఫీలో పాలు ఫర్వాలేదు కానీ ఒక పూటలో శనగలు పిడికెడు మించకూడదని తేలవచ్చు. మరొకరికి చపాతీలు రెండు దాకా సరే, పచ్చి ఉల్లిపాయ మాత్రం వద్దని తేలవచ్చు. పప్పును నానబెట్టి ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో ఉడికిస్తే రాఫినోజ్ కొంత పోతుంది. మినప్పప్పులోది ఇడ్లీపిండి పులిసేటప్పుడు సూక్ష్మజీవులే కొంత తినేస్తాయి. పేగుల తీరు కాలంతో మారుతుంది కాబట్టి, ఈ ఏడాది పడని పదార్థాన్ని కొన్ని నెలల తర్వాత కొద్దికొద్దిగా మళ్లీ తిని చూడవచ్చు.