సాంచాకు పిక్కుల కౌంటర్: రెగ్యులేటర్ ఏది పెట్టాలి?

మన శాంతి నగర్‌లో డిప్లొమా, ఇంజనీరింగ్ చదివే పిల్లలు ప్రాజెక్టు ఏం చేయాలని అడిగితే, సాంచాకు పిక్కుల కౌంటర్ చేయమంటాను. కూలి నేసినదాన్ని బట్టే వస్తుంది కాబట్టి లెక్క చెరిగితే నష్టం ఇంటికే. కరెంటు పోయినా లెక్క నిలవాలంటే బోర్డు బ్యాటరీతో నడవాలి. అందుకే రెగ్యులేటర్ ఎంపిక ముఖ్యం.

చాలామంది అలవాటుగా 9 వోల్టుల బ్యాటరీకి 7805 కలుపుతారు. అది చౌక, గట్టిది కూడా. కానీ బోర్డు ఏమీ తీసుకోకపోయినా తన కోసం సుమారు 5 మిల్లీఆంపియర్లు ఖర్చు చేస్తుంది. దీన్నే క్వైసెంట్ కరెంట్ అంటారు. చిన్న 9 వోల్టుల ఆల్కలైన్ బ్యాటరీలో ఉండేది దాదాపు 500 మిల్లీఆంపియర్ అవర్లు. 5తో భాగించండి: 100 గంటలు, అంటే నాలుగు రోజులు. అదీ పూర్తిగా దక్కదు, బ్యాటరీ 7 వోల్టులకు దిగగానే 5 వోల్టులు నిలవవు.

స్విచింగ్ రెగ్యులేటర్ అయితే పొదుపు కదా అంటారు. ఎక్కువ లోడుకు నిజమే. 12 వోల్టుల నుంచి 5 వోల్టులకు అర ఆంపియర్ తీస్తే 7805 మూడున్నర వాట్లు వేడిగా పారేస్తుంది. కానీ బజారులో దొరికే ఎల్‌ఎం2596 సొంత ఖర్చు కూడా సుమారు 5 మిల్లీఆంపియర్లే! మన కౌంటర్‌కు దానివల్ల లాభం లేదు.

ఏటీమెగా328పీ చిప్ గాఢనిద్రలో ఒక మైక్రోఆంపియర్ కూడా తీసుకోదు. పిక్కు పడినప్పుడే లేస్తుంది. సగటు 50 మైక్రోఆంపియర్లు అనుకుందాం. 3.3 వోల్టుల ఎంసీపీ1700 సొంత ఖర్చు 1.6 మాత్రమే. మూడు పెన్సిల్ సెల్‌లలో 2000 మిల్లీఆంపియర్ అవర్లు ఉంటే, లెక్కకు నాలుగేళ్లు దాటుతుంది. సెల్ 1.15 వోల్టుల కిందికి దిగితే 3.3 నిలవదు కాబట్టి అందులో సగమే వచ్చిందనుకున్నా రెండేళ్లు.

నాలుగు సెల్‌లు పెట్టకండి. కొత్త ఆల్కలైన్ సెల్ 1.6 వోల్టులు, నాలుగు కలిస్తే 6.4, ఎంసీపీ1700 పరిమితి 6. నాలుగే కావాలంటే 12 వోల్టులు ఓర్చే హెచ్‌టీ7333 తీసుకోండి, దాని ఖర్చు 4 మైక్రోఆంపియర్లు.

తల్లిదండ్రులకు ఒక మాట. ఈ పనికి రెడీమేడ్ ఆర్డునో ఊనో బోర్డు కొనివ్వనక్కర్లేదు. దాని మీది ఎల్‌ఈడీ, యూఎస్‌బీ చిప్, రెగ్యులేటర్ నిద్రపోవు. విడి చిప్ చాలు. బోర్డు తయారయ్యాక మల్టీమీటర్‌ను బ్యాటరీ తీగకు వరుసలో కలిపి, ముందు మిల్లీఆంపియర్ స్కేలులో, బోర్డు నిద్రపోయాక మైక్రోఆంపియర్ స్కేలులో చూడండి. వందలు చూపిస్తే ఏదో భాగం ఇంకా మేలుకొనే ఉంది, ఒక్కొక్కటి తీసి మళ్లీ కొలవండి.