నర్సింగ్ హోం గడప తొక్కే ముందు

కొండాపురం మెట్ట ప్రాంతం. ఇక్కడ వానలు తక్కువ. రాబడి తక్కువ. జబ్బు చేస్తే ఖర్చు మాత్రం ఎక్కువ.

జ్వరం వస్తే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పోతారు. కష్టమైన కాన్పు, ఆపరేషన్ అంటే కావలికో, ఆత్మకూరుకో, నెల్లూరుకో పోవాలి. ఆ ఊళ్లలో సర్కారు ఆసుపత్రులు ఉన్నాయి. నర్సింగ్ హోంలు కూడా ఉన్నాయి.

నర్సింగ్ హోం అంటే ప్రైవేటు వాళ్లు నడిపే చిన్న ఆసుపత్రి. అక్కడ కాన్పులు చేస్తారు. ఆపరేషన్లు చేస్తారు. డబ్బు తీసుకుంటారు.

బాగా చూసే నర్సింగ్ హోంలు ఉన్నాయి. ప్రాణాలు నిలబెట్టిన డాక్టర్లు ఉన్నారు. సరిగా చూడనివీ ఉన్నాయి. బయటి నుంచి చూస్తే రెండూ ఒకటిగానే కనబడతాయి. పెద్ద బోర్డు, అద్దాల తలుపు, నున్నటి బండలు. మరి మంచిది ఏదో, కానిది ఏదో తెలిసేది ఎట్టా?

చదువు రాకముందు ఎవరో చెప్పిన చోటికి పోయేవాళ్లు. చూపిన చోట వేలిముద్ర వేసేవాళ్లు. ఇప్పుడు చదువు వచ్చింది. ఆ చదువు ఆసుపత్రిలో కూడా పనికి రావాలి.

పొదుపు సంఘంలో మాట

కొండాపురం మండలంలో ఒక ఊరు అనుకుందాం. పొదుపు సంఘం కూర్చుని ఉంది. ఒక అత్త, ఆమె కోడలు అప్పు అడగడానికి వచ్చారు. కోడలికి ఇరవై ఎనిమిదేళ్లు. ఇద్దరు పిల్లలు. ఊరి నర్సమ్మ కూడా అక్కడే ఉంది.

"నలభై వేలు కావాలమ్మా. కోడలికి గర్భసంచి తీసేయాలంట" అంది అత్త.

"ఎవరు చెప్పినారత్తా?" అంది సంఘం లీడరు.

"మనూరికి వచ్చే ఆర్.ఎం.పి. నర్సింగ్ హోంకు తీసకపోయినాడు. అక్కడ స్కానింగ్ తీసినారు. సంచి పుండైంది, ఉంచితే క్యాన్సర్ అవుతుంది అన్నారు. సోమవారం రమ్మన్నారు."

"నీ బాధ ఏందమ్మా?" అని నర్సమ్మ కోడలిని అడిగింది.

"తెల్లబట్ట అవుతా ఉందక్కా. నడుం నొప్పి. నెలసరి ఎక్కువ పోతా ఉంది" అంది కోడలు.

"మందులు ఏమైనా వాడినావా?"

"లేదక్కా. మందుల మాట ఎవరూ చెప్పలా."

"రక్తం పరీక్ష? క్యాన్సర్ పరీక్ష?"

"ఒక్క స్కానింగే."

నర్సమ్మ కాసేపు ఆలోచించింది. "ఆపరేషన్ వద్దని నేను చెప్పలేను. కావాలనీ చెప్పలేను. అది డాక్టరు చెప్పాల్సిన మాట. కానీ ఒక్క డాక్టరు చెప్పింది చాలదు. రేపు సర్కారు ఆసుపత్రిలో ఇంకో డాక్టరమ్మకు చూపిద్దాం. స్కానింగ్ కాగితం తీసుకురండి" అంది.

"ఇంతలో ఏమైనా అయితే?" అంది అత్త.

"తెల్లబట్టకు రెండు రోజుల్లో ప్రాణం పోదు పెద్దమ్మా. తీసేసిన సంచి మాత్రం మళ్లీ రాదు" అంది నర్సమ్మ.

లెక్కలు ఏం చెబుతున్నాయి?

నర్సమ్మ అట్టా చెప్పడానికి కారణం ఉంది. 2015-16లో కేంద్ర ప్రభుత్వం దేశమంతా కుటుంబ ఆరోగ్య సర్వే చేయించింది. 15 నుంచి 49 ఏళ్ల వయసు ఆడవాళ్లను అడిగారు. దేశం మొత్తం మీద 100 మందిలో సుమారు 3 మందికి గర్భసంచి తీసేసి ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 100 మందిలో సుమారు 9 మందికి తీసేసి ఉంది. అంటే దాదాపు మూడింతలు.

తెల్లబట్ట చాలాసార్లు మందులతో తగ్గుతుంది. నెలసరి ఎక్కువ పోవడానికి కూడా మందులు ఉన్నాయి. క్యాన్సర్ ఉంటే, పెద్ద గడ్డలు ఉంటే, మందులకు రక్తం ఆగకపోతే ఆపరేషన్ అవసరం కావచ్చు. అప్పుడు భయపడకూడదు. ఆలస్యం చేయకూడదు.

అవసరం లేకుండా తీసేస్తే నష్టం ఉంది. సంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే, చిన్న వయసులోనే ఒంట్లో ఆవిర్లు వస్తాయి. ఎముకలు బలహీనపడతాయి. కూలి పని చేసుకునే మనిషికి ఎముకల బలమే ఆస్తి.

కాన్పు సంగతి కూడా చూడండి. 2019-21లో ఇదే సర్వే మళ్లీ జరిగింది. మన రాష్ట్రంలో సర్కారు ఆసుపత్రుల్లో 100 కాన్పులకు సుమారు 27 ఆపరేషన్ కాన్పులు. ప్రైవేటులో 100కు 63. ఆపరేషన్ తల్లినీ బిడ్డనూ కాపాడే సందర్భాలు ఉన్నాయి. అయినా ఇంత తేడా ఎందుకు ఉందో అడగాలి.

మొదటి పని: గోడ చదవండి

నర్సింగ్ హోంలోకి పోగానే కూర్చోవద్దు. గోడలు చూడండి.

రిజిస్ట్రేషన్ కాగితం ఉందా? ప్రైవేటు ఆసుపత్రుల కోసం మన రాష్ట్రంలో 2002లో ఒక చట్టం వచ్చింది. ప్రైవేటు ఆసుపత్రి సర్కారు దగ్గర నమోదు కావాలి. ఆ కాగితం మీద ఆసుపత్రి పేరు, తేదీ చదవండి. గడువు దాటిందేమో చూడండి.

డాక్టరు పేరు ఉందా? పేరు పక్కన చదువు ఉండాలి. రిజిస్ట్రేషన్ నంబరు కూడా ఉండాలి. మందుల చీటీ మీద కూడా ఆ నంబరు వేయాలి. బోర్డు మీద పది మంది పేర్లు ఉండవచ్చు. రోజూ వచ్చేది ఎవరో అడగండి.

ధరల పట్టిక ఉందా? కాన్పుకు ఎంత, ఆపరేషన్‌కు ఎంత, గదికి ఎంత అని రాసి ఉందా?

స్కానింగ్ గది దగ్గర బోర్డు ఉందా? కడుపులో ఉన్నది ఆడో మగో చెప్పడం నేరం. 1994లోనే దీనికి చట్టం వచ్చింది. ఆ మాట అక్కడ రాసి పెట్టాలి. డబ్బు తీసుకుని చెబుతామనే చోటికి పోవద్దు. ఒక చట్టాన్ని లెక్కచేయని వాళ్లు మిగతావి లెక్కచేస్తారా?

రెండో పని: కళ్లతో చూడండి

సూది చూడండి. కొత్త సిరంజి మీ ముందే చించి తీయాలి. వాడిన సూది మళ్లీ వాడకూడదు.

చేతులు చూడండి. ఒక రోగిని ముట్టుకున్న నర్సు, చేతులు శుభ్రం చేసుకోకుండా ఇంకొకరిని ముట్టుకుంటే చీము, జ్వరం ఒకరి నుంచి ఒకరికి అంటుతాయి.

చెత్త చూడండి. రక్తం అంటిన దూది పసుపు సంచిలో వేయాలి. వాడిన గొట్టాలు ఎర్ర సంచిలో వేయాలి. సూదులు గుచ్చుకోని గట్టి డబ్బాలో వేయాలి. అన్నీ ఒకే బకెట్లో ఉంటే అక్కడ శుభ్రత లేదని అర్థం.

మరుగుదొడ్డి చూడండి. నీళ్లు వస్తున్నాయా? రోగులు వాడే మరుగుదొడ్డినే కడగనివాళ్లు, కనబడని ఆపరేషన్ గదిని కడుగుతారని నమ్మకం ఏమిటి?

దారి చూడండి. నిప్పు అంటుకుంటే బయటపడడానికి రెండో దారి ఉందా? మెట్ల మీద పెట్టెలు, మంచాలు అడ్డం పెట్టారా? 2020 ఆగస్టు 9న విజయవాడలో కోవిడ్ రోగులను ఉంచిన ఒక హోటల్లో మంటలు లేచాయి. 10 మంది చనిపోయారు. 2011 డిసెంబరులో కలకత్తాలో ఒక పెద్ద ఆసుపత్రిలో నిప్పంటుకుంది. దాదాపు 90 మంది చనిపోయారు. ఎక్కువ మంది పొగకు ఊపిరాడక పోయినవాళ్లే. ఎర్ర రంగు నిప్పార్పే సిలిండరు గోడకు ఉందా? దాని మీద తేదీ ఉంటుంది. చదవండి.

మూడో పని: నోరు తెరిచి అడగండి

డాక్టరును అడిగితే కోప్పడతారని చాలామంది భయపడతారు. మంచి డాక్టరు జవాబు చెబుతారు. ఈ ప్రశ్నలు కాగితం మీద రాసుకుని పోండి.

1. నా జబ్బు పేరు ఏమిటి?
2. ఆపరేషన్ లేకుండా మందులతో తగ్గదా?
3. ఆపరేషన్ ఎవరు చేస్తారు? మత్తు ఇచ్చే డాక్టరు ఎవరు?
4. రాత్రిపూట డాక్టరు ఉంటారా?
5. ఆక్సిజన్ ఉందా? కరెంటు పోతే జనరేటర్ ఉందా?
6. రక్తం కావాలంటే ఎక్కడి నుంచి తెస్తారు? లైసెన్సు ఉన్న రక్తనిధి నుంచే తేవాలి.
7. పరిస్థితి చేయి దాటితే ఏ ఆసుపత్రికి పంపుతారు?
8. మొత్తం ఖర్చు ఎంత? రాసి ఇస్తారా?

ఇంకో ప్రశ్న కూడా అడగండి. ఆరోగ్యశ్రీ అని 2007లో ఒక పథకం మొదలైంది. ఇప్పుడు మన రాష్ట్రంలో దాన్ని ఎన్.టి.ఆర్. వైద్య సేవ అంటున్నారు. ఆ నర్సింగ్ హోం ఈ పథకంలో ఉందా? మీ జబ్బు అందులో ఉందా? ఉంటే ఆ వైద్యానికి చేతి డబ్బు ఇవ్వనక్కర లేదు. సర్కారు ఆసుపత్రిలో అయితే మామూలు కాన్పు, ఆపరేషన్ కాన్పు రెండూ ఉచితం. 2011 నుంచి ఇది దేశమంతా అమలులో ఉంది.

మిమ్మల్ని తీసుకుపోయిన మనిషికి నర్సింగ్ హోం కమీషన్ ఇస్తుందేమో కూడా ఆలోచించండి. కమీషన్ తీసుకునే మనిషి మంచి ఆసుపత్రిని వెతకడు. ఎక్కువ ఇచ్చే ఆసుపత్రిని వెతుకుతాడు.

నాలుగో పని: చదివి సంతకం పెట్టండి

ఆపరేషన్ ముందు ఒక కాగితం ఇస్తారు. దాన్ని అంగీకార పత్రం అంటారు. ఏ ఆపరేషన్ చేస్తారో అందులో రాసి ఉండాలి. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టవద్దు. ఇంగ్లీషులో ఉంటే తెలుగులో చదివి చెప్పమనండి.

ఢిల్లీలో ఒక స్త్రీ పరీక్ష కోసం ఆసుపత్రికి పోయింది. ఆమెకు మత్తు ఇచ్చారు. ఆమె మత్తులో ఉండగా డాక్టరు బయటికి వచ్చి, తల్లి చేత సంతకం పెట్టించుకుని, గర్భసంచి, అండాశయాలు తీసేశారు. ఆ స్త్రీ ఊరుకోలేదు. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. 2008 జనవరిలో కోర్టు తీర్పు చెప్పింది. పరీక్షకు ఒప్పుకుంటే ఆపరేషన్‌కు ఒప్పుకున్నట్టు కాదు. ప్రాణం మీదికి రానప్పుడు, వయసు వచ్చిన మనిషి బదులు తల్లి ఒప్పుకున్నా చెల్లదు. డాక్టరు ఫీజు తీసుకోకూడదని, 25,000 రూపాయలు పరిహారం ఇవ్వాలని చెప్పింది.

మీ ఒంటికి మీ సంతకం కావాలి. భర్తకు చెప్పవచ్చు, అత్తకు చెప్పవచ్చు. సలహా తీసుకోవచ్చు. ఒప్పుకోవాల్సింది మీరు.

అవసరం లేని గర్భసంచి ఆపరేషన్ల మీద 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు మరో తీర్పు చెప్పింది. వాటిని ఆపడానికి కేంద్రం చేసిన నియమాలను అన్ని రాష్ట్రాలూ అమలు చేయాలంది.

బిల్లు, కాగితాలు

ఇచ్చిన ప్రతి రూపాయికీ రసీదు తీసుకోండి. సెలైన్ సీసా మీద, మందుల మీద ధర అచ్చు వేసి ఉంటుంది. దానికంటే ఎక్కువ తీసుకోకూడదు. గడువు తేదీ కూడా అక్కడే ఉంటుంది.

ఇంటికి పంపేటప్పుడు జబ్బు, చేసిన వైద్యం, వాడాల్సిన మందులు రాసిన కాగితం ఇవ్వాలి. స్కానింగ్, రక్తం పరీక్షల కాగితాలు మీవి. వైద్యం రికార్డు నకలు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని డాక్టర్ల నియమాల్లో ఉంది. ఇవన్నీ ఒక సంచిలో దాచండి. రేపు ఇంకో డాక్టరుకు చూపించాలన్నా, న్యాయం అడగాలన్నా ఇవే ఆధారం.

ప్రాణం మీదికి వస్తే

పాము కరిచినప్పుడు, కాన్పులో రక్తం ఆగనప్పుడు గోడలు చదువుతూ కూర్చోకూడదు. 108కి ఫోన్ చేయండి. దగ్గర ఉన్న ఆసుపత్రికి పోండి. ప్రాణాపాయంలో వచ్చిన మనిషికి సర్కారు డాక్టరైనా, ప్రైవేటు డాక్టరైనా మొదటి వైద్యం చేయాల్సిందే. 1989లో సుప్రీంకోర్టు ఈ మాట చెప్పింది.

అందుకే కాన్పు అయితే ఏడో నెలలోనే ఆసుపత్రిని చూసి పెట్టుకోవాలి. నొప్పులు వచ్చాక వెతకడానికి సమయం ఉండదు.

అన్యాయం జరిగితే

జిల్లా వైద్య ఆరోగ్య అధికారికి అర్జీ రాయండి. డబ్బు తీసుకుని చేసే వైద్యం కూడా వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయవచ్చు. సలహా కోసం 1915 నంబరుకు ఫోన్ చేయవచ్చు. ఆడవాళ్లకు ఉచితంగా లాయరు సాయం పొందే హక్కు ఉంది. దాని నంబరు 15100.

ఒక్కరే పోతే మాట వినకపోవచ్చు. నలుగురు పోతే వింటారు. ఇది ఈ జిల్లా ఆడవాళ్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. 1990ల మొదట్లో రాత్రి బడిలో చదువు నేర్చిన దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. ఆ మాట జిల్లా అంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధించారు. పాఠం చదివి, కూర్చుని మాట్లాడుకోవడంతో మొదలైన పని అది.

మాట్లాడుకోండి

1. కోడలు సోమవారం ఆపరేషన్‌కు పోవాలా? ముందు ఏం చేయాలి? ఎందుకు?
2. మీ ఊళ్లో గర్భసంచి తీయించుకున్నవాళ్లు ఎంతమంది? ఎవరు చెబితే పోయారు? ఎంత అప్పు అయింది?
3. "నా ఒంటికి నా సంతకం" అంటే ఏమిటి?

చేయండి

1. ఈసారి ఆసుపత్రికి పోయినప్పుడు గోడ మీది మూడు బోర్డులు చదవండి. రాసుకుని వచ్చి సంఘంలో చెప్పండి.
2. ఇంట్లో ఉన్న మందుల అట్ట మీద ధర, గడువు తేదీ చదవండి.
3. 108, 1915, 15100 నంబర్లు పెద్ద అక్షరాలతో రాసి తలుపు వెనక అంటించండి.