కళాకారుని వద్దకు వెళ్లునపుడు ఏమి అడుగవలెను?

గుంటూరు, ప్రకాశము మైదానములలో పత్తియు మిరపయు పండించు ఇండ్లనుండి వచ్చి, చిత్రలేఖనమో శిల్పమో నటనయో తన జీవనమార్గముగా నెంచుకొనదలచు బాలునకుగాని బాలికకుగాని త్రోవ చెప్పువారు నేటికిని కొరవగనే యున్నారు. ఇంజనీరింగు చదువదలచిన వారికి కోచింగు సెంటర్లు ప్రతి పట్టణమున గలవు, కళను వృత్తిగా గైకొనదలచిన వారికి మాత్రము “అది అన్నము పెట్టునా?” యను ప్రశ్న మొదట తమ యింటనే యెదురగును. ఆ ప్రశ్న యడిగిన తల్లిదండ్రులను నేను తప్పు పట్టను. ఒక కారు పత్తి దెబ్బతినినచో రెండేండ్లు అప్పు తీర్చుచు గడపిన కుటుంబమునకు అట్లడుగు హక్కు సంపూర్ణముగ గలదు. దానికి నిజమైన సమాధానము చెప్పగలవారు ఆ వృత్తిలో తల నెరసిన కళాకారులే గనుక, దరఖాస్తు నింపుటకు ముందు అట్టివారి చెంత ఒక పూట కూర్చుండి మాటాడుడని నా మనవి.

ఏమి యడుగవలెనో తెలియనిచో ఆ పూట వృథా యగును. మన పిల్లలు సాధారణముగా “మీకు ప్రేరణ యెవరు?” అని యారంభింతురు; ఆ కళాకారుడును సభలలో పలుమారులు చెప్పి చెప్పి యరిగిపోయిన మాటనే మరల చెప్పును. దానికి బదులు, “మాస్టారూ, ఒక ఆటకు బయానా యెంత పుచ్చుకొందురు? మిగిలిన సొమ్ము ఎప్పుడు చేతికి వచ్చును? తిరునాళ్లు లేని నెలలలో ఇల్లెట్లు గడచును?” అని వినయముతో నడిగి చూడుడు. జీవికను గూర్చి యడిగినచో సృజనను గూర్చిన మాట తనంత తానే వెలువడును. ఏ పనిని సొమ్ము కొరకు చేసెనో, ఏ పనిని సొమ్ము లేకున్నను మానలేకపోయెనో, ఏ ఊరి జనము మెచ్చుటకై ఏ పద్యమును ఎంతసేపు సాగదీసెనో చెప్పకుండ ఏ కళాకారుడును తన జమాఖర్చులను చెప్పజాలడు.

ఈ సీమలో రంగస్థల కళాకారుని సంవత్సరము పంటల సంవత్సరముతో ముడివడి యున్నది. పత్తి తీతలు చివరికి వచ్చి, కల్లములలో మిరపకాయలు ఎఱ్ఱగా ఎండుచున్న దినములలో మహాశివరాత్రి వచ్చును. నరసరావుపేట దాపున నున్న కోటప్పకొండకు ఊరూర కట్టిన ప్రభలు కదలును. అది మొదలు వేసవి తుదివఱకు తిరునాళ్లు, కొలుపులు, వానితోపాటు పద్యనాటకములు, బుఱ్ఱకథలు. తొలకరి పడి రైతు పొలమునకు మరలిన పిమ్మట నటునకు పని తగ్గును. ఆ నెలలలో వారు ఏమి చేయుదురో తెలిసికొనుడు: కొందఱు పిల్లలకు హార్మోనియము నేర్పుదురు, కొందఱు సైన్‌బోర్డులు వ్రాయుదురు, కొందఱు సేద్యము చేయుదురు. దీనిని ఓటమిగా నెంచుట తగదు. ఈ ప్రాంతపు కళాచరిత్రలో మహనీయులనదగిన వారి జీవితములు సైతము ఇట్లే నడచినవి.

బుఱ్ఱకథకుడు షేక్ నాజర్ గారి జీవితము దీనికి ప్రథమోదాహరణము. ఆయన 1920లో తాడికొండ దాపునగల పొన్నెకల్లులో, దూది ఏకుట కులవృత్తిగాగల పేద కుటుంబమున జన్మించెను. బాల్యముననే నాటకములలో వేషములు కట్టెను, సంగీతము నభ్యసించెను, కడుపు గడచుటకై దర్జీపని చేసెను. జంగములు తంబుర మీటుచు ఇంటింట చెప్పుకొనుచుండిన కథను ఆయన ప్రజానాట్యమండలి వేదికలపైకి తెచ్చి, నడుమ కథకుడు తంబురతో, చేతివ్రేలి అందెలతో అడుగులు వేయుచుండగా, ఇరువైపుల వంతలలో ఒకడు హాస్యమును, మఱియొకడు నాటి రాజకీయమును పలుకు విధమును తీర్చిదిద్ది, వేలాది జనమును తెల్లవార్లు కదలనీయక కూర్చుండబెట్టెను. బెంగాలు కరవు, అల్లూరి సీతారామరాజు, పల్నాటి యుద్ధము ఆయన నోట కథలైనవి. భారత ప్రభుత్వము 1986లో పద్మశ్రీ నొసగినది. 1997లో ఆయన కాలధర్మము నొందెను. ఇంత ప్రతిభ గలవాడు ఏనాడును సంపన్నుడు కాలేదు. ఈ మాట కళను వరించు విద్యార్థి మొదటనే తెలిసికొనవలసినది, దాచవలసినది కాదు.

అయితే ఆ జీవితము నేడు మనకు చదువుకొన వీలైనది ఎట్లు? అంగడాల వెంకటరమణమూర్తి గారు నాజర్ గారి చెంత కూర్చుండి, ఆయన చెప్పుచుండగా విని, “పింజారి” యను పేర దానిని గ్రంథస్థము చేసిరి. ఒక కళాకారునితో ఓపికగా జరిపిన సంభాషణ ఎట్టి ఫలము నీయగలదో చూపుటకు మన భాషలో ఇంతకంటె మంచి నిదర్శనము నాకు తోచుట లేదు. కథకుడు వేదిక దిగిన పిమ్మట ఆకలిని, అవమానమును, గురువుల కోపమును, సాధనను ఏ మాటలతో తలచుకొనునో అందు కనిపించును. నటనకో గానమునకో పోదలచినవారు వృత్తిమార్గదర్శక గ్రంథములకంటె ముందు దీనిని చదువవలెను.

బాపట్లలో 1902లో జన్మించిన స్థానం నరసింహారావు గారి స్మృతులు “నటస్థానము” పేర నున్నవి. తెనాలి రామవిలాస సభలో సత్యభామ, చిత్రాంగి, రోషనార మొదలగు స్త్రీ పాత్రలను ధరించి, 1956లో పద్మశ్రీ నందుకొన్న ఆ నటుని వృత్తి నుండి విద్యార్థి గ్రహింపదగినది పరిశీలన యను క్రమశిక్షణ. స్త్రీలు వేదిక యెక్కని ఆ కాలమున పురుషుడు సత్యభామ యగుటకు కేవలము చీర కట్టిన చాలదు; నడకను, చూపును, అలుకను దినదినము గమనించి తనవిగా చేసికొనవలెను. ఆ స్త్రీ పాత్రలను స్త్రీలే ధరించు కాలము వచ్చుటతో ఆ విద్యకు చోటు తగ్గిపోయినది. కావున మీరు కలిసికొను ప్రతి కళాకారుని “మీరు మొదలుపెట్టినపుడుండి, ఇపుడు లేని పని యేది?” యని తప్పక యడుగుడు. చేతితో సినిమా బ్యానర్లు వ్రాసిన చిత్రకారులు ఫ్లెక్సీ ముద్రణ వచ్చిన పిమ్మట ఏమైరో, ఎవరు గోడపై వ్రాతకు మరలిరో, ఎవరు కంప్యూటరుపై డిజైను నేర్చిరో వారినోటనే వినవలెను. కృత్రిమ మేధస్సు బొమ్మలు గీయుచున్న నేటి దినములలో ఈ సమాచారము మీకు ఎంతయో అవసరము.

కవులకును పలు కొలువులు తప్పలేదు. వినుకొండ బిడ్డ గుఱ్ఱం జాషువ గారు యౌవనమున రాజమహేంద్రవరములో మూకీచిత్రములకు కథ చెప్పెను. గుంటూరులో ఉపాధ్యాయుడుగా నుండెను. మద్రాసు రేడియోలో పని చేసెను. ఆ కొలువుల నడుమనే “గబ్బిలము” కావ్యము పుట్టినది. కవికి పద్యమునకు ఒక బంగారు నాణెమని మాట యిచ్చి వెండి నాణెములు పంపిన సుల్తానుకథను ఆయన “ఫిరదౌసి” యను కావ్యముగా రచించెను. వేతనము, కీర్తి అను రెంటికిని గల తగవును అంత సూటిగా చెప్పిన తెలుగు కావ్యము మఱియొకటి నేనెఱుగను.

ఇక నేటివారి మాట. తెనాలిలో విగ్రహములు చేయు శిల్పశాలలకు వెళ్లుడు. ఊరిలోని నాయకుని విగ్రహమొకటి నిలువబడుటకు ముందు, ఇనుప చట్రముపై బంకమన్నుతో రూపు దిద్దుట, దానిపై ప్లాస్టరాఫ్ ప్యారిసుతో అచ్చు తీయుట, ఆ అచ్చులో ఫైబరు పోయుట, లేక మైనము మీదుగా కంచు పోత పోయుట యను అంచెలన్నియు అచట కన్నులారా చూడవచ్చును. సూర్య శిల్పశాలకు చెందిన కాటూరి వేంకటేశ్వరరావు గారు, వారి కుమారులు రవిచంద్ర గారు మోటారు విడిభాగములు, నట్లు, బోల్టులు, గొలుసులు మున్నగు పాత ఇనుముతో మూర్తులను నిర్మించి దేశమున పేరు గాంచిరి. 2021లో వారు ప్రధానమంత్రి నరేంద్ర మోదీ విగ్రహమును 14 అడుగుల యెత్తున ఇనుప తుక్కుతోనే చేసిరి. పల్నాటిలోని దుర్గికి పోయిన, భౌగోళిక గుర్తింపు పొందిన రాతిశిల్పములు చెక్కు కుటుంబములు గలవు. ఇట్టిచోట్ల “ఆర్డరు రాని నెలలో మీ చేయి ఏమి చేయును?” అని ప్రశ్నింపుడు. ఎవరి చేయి అప్పుడును ఊరకుండదో వారి వద్ద పని నేర్చుకొనుట మేలు. వారసత్వమును గూర్చియు నిట్లే: “మీ పిల్లలను ఈ పనిలో పెట్టితిరా?” యని యడిగి, పెట్టకపోయినచో కారణమును శ్రద్ధగా వినుడు. ఆ కారణము కూలి గిట్టకపోవుటయా, ఒంటి జబ్బా, గౌరవలోపమా యన్నది మీ నిర్ణయమునకు మూలము కాగలదు.

విద్యాలయముల సంగతి క్లుప్తముగా చెప్పెదను. ఇంటర్మీడియట్ ఏ గ్రూపులో చదివినవారైనను ప్రవేశపరీక్ష వ్రాసి, అమరావతి ప్రాంతపు శాఖమూరులోని జాతీయ డిజైన్ సంస్థలో నాలుగేండ్ల డిజైను పట్టమును చదువవచ్చును. వస్త్రములను గూర్చిన శాఖ యచట నుండుట మంగళగిరి, చీరాల మగ్గముల నడుమ పెరిగిన పిల్లలకు విశేషముగా ఉపకరించును. చిత్రకళకు, శిల్పమునకు విశాఖలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు, కడపలో 2020లో నెలకొన్న లలితకళల విశ్వవిద్యాలయము, హైదరాబాదులో జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక లలితకళల విశ్వవిద్యాలయము గలవు. గాయకులు, నటులు ఆకాశవాణి ఆడిషనుకు పోవలెను. అచట లభించు బి, బి‑హై, ఎ గ్రేడులు పిదప కచేరీలకును అక్కఱకు వచ్చును.

ఈ కళాశాలలలో చేరినను, చేరకున్నను, సంభాషణము ఒక విద్యయని తెలియగోరువారు దుగ్గిరాల దాపున తుమ్మపూడి యను పల్లెలో నివసించిన సంజీవదేవ్ గారి వ్రాతలను చదువవలెను. 1914లో జన్మించి 1999లో గతించిన ఆ కళావిమర్శకుడు హిమాలయములు తిరిగి వచ్చి, పొలముల నడుమ ఇంట కూర్చుండి, దేశదేశముల కళాకారులతో లేఖలు నడపెను. వ్రాతకు ముందు శ్రద్ధతో వినుట, వినుటకు ముందు ఎదుటివాని కృతిని చక్కగా చూచియుండుట ఆయన పద్ధతి. 1918లో నెలకొన్న వేటపాలెము సారస్వత నికేతనములో పాత పత్రికలు తిరుగవేయుచు, కలిసికొనబోవు కళారంగమును గూర్చి ముందుగా చదివిపోవుట మీకును సాధ్యమే.

వెళ్లునపుడు పాటింపవలసినవి కొన్ని గలవు. పని వేళలో పోయిన, వారికి పూటకూలి పోవును. కనుక వారి తీరిక నడిగి పొండు, లేక పనిలో చేయి వేయుచు మాటాడుడు. ఫోనులో మాటలు పట్టుటకు ముందు అనుమతి నడుగుడు. పనిముట్ల పేర్లను వారు పలికినట్లే వ్రాసికొనుడు. వ్రాసిన దానిని వారికి చదివి వినిపించి, ఒక ప్రతిని వారి యింట నుంచుడు. ఇట్లు పోగుచేసిన సామగ్రి మీ స్వంత వృత్తికిని పెట్టుబడి కాగలదు. కేంద్ర సాంస్కృతిక శాఖ 18 నుండి 25 ఏండ్ల లోపు యువకళాకారులకు రెండేండ్లపాటు నెలకు 5,000 రూపాయల ఉపకారవేతనము నిచ్చుచున్నది. 25 నుండి 40 ఏండ్ల వారికి పరిశోధనకై నెలకు 10,000 రూపాయల జూనియరు ఫెలోషిప్పు కలదు. నాజర్ గారి తరువాతి బుఱ్ఱకథ దళములను గూర్చియో, దుర్గి శిల్పుల ఉలులను గూర్చియో పథకమును వ్రాసి పంపదలచిన యువకుడు, తాను విన్న మాటల పుస్తకము చేత నుండగా, ఆ దరఖాస్తును ఒక్క రాత్రిలో వ్రాయగలడు.