పచ్చ లైటుని నమ్మొచ్చా?

పోయిన సెమిస్టర్‌లో మా హాస్టల్ మెస్ వెనక సిలిండర్ల గదికి ఒక టెక్నీషియన్ వచ్చాడు, గ్యాస్ డిటెక్టర్ టెస్ట్ చేయడానికి. నేను టిఫిన్ ప్లేటు పట్టుకుని చూస్తూ నిలబడ్డా. నేలకి ఒక అడుగు ఎత్తులో చిన్న డబ్బా. పచ్చ లైటు, డిస్‌ప్లేలో సున్నా. "మూడేళ్ళలో ఒక్కసారి కూడా మోగలేదు తమ్ముడూ, మంచి మిషను" అన్నాడు వంట మాస్టర్.

టెక్నీషియన్ టెస్ట్ గ్యాస్ వదిలాడు. ఒక నిమిషం, రెండు నిమిషాలు. సున్నా కదల్లేదు. పచ్చ లైటు హాయిగా వెలుగుతూనే ఉంది!

అంటే ఏదో ఒక రోజు నుంచి ఆ గదికి కాపలా లేదు. ఏ రోజు నుంచో ఎవరికీ తెలీదు. ఇదెలా జరుగుతుందో తెలుసుకుందామని కూర్చుంటే ఈ వ్యాసం అయింది.

లోపల ఏముంది?

అది పెల్లిస్టర్ రకం. లోపల ప్లాటినం తీగ చుట్టిన రెండు చిన్న పూసలు ఉంటాయి. ఒకదానికి క్యాటలిస్ట్ ఉంటుంది, రెండోదానికి ఉండదు. గ్యాస్ తగిలితే మొదటి పూస మీద అది మండి, తీగ వేడెక్కి, రెసిస్టెన్స్ పెరుగుతుంది. ఆ తేడాని కొలిచేది ఇంటర్‌లో మనం బట్టీ పట్టిన వీట్‌స్టన్ బ్రిడ్జే.

కొలత ఎల్‌ఈఎల్ శాతంలో వస్తుంది. గాలిలో కనీసం ఎంత గ్యాస్ కలిస్తే అంటుకోగలదో అదే ఎల్‌ఈఎల్. వంటగ్యాస్‌కి అది సుమారు 2 శాతమే. డిటెక్టర్ దీన్ని కరెంట్‌గా మార్చి పంపుతుంది: 0 అయితే 4 మిల్లీఆంప్‌లు, 100 అయితే 20, 50 అయితే 12.

తీగ తెగితే కరెంట్ 4 కన్నా కిందికి పడిపోయి ఫాల్ట్ లైటు వెలుగుతుంది. కానీ సిలికాన్ సీలెంట్, స్ప్రేల ఆవిరి తగిలి క్యాటలిస్ట్ పాడైతే? రెండు పూసలూ ఒకేలా ఉంటాయి, బ్రిడ్జి బ్యాలెన్స్‌లో ఉంటుంది, బుద్ధిగా 4 మిల్లీఆంప్‌లు వస్తాయి. "గ్యాస్ లేదు", "నాకు కనపడట్లేదు" రెండింటికీ ఒకే జవాబు. మన భాషలో చెప్పాలంటే, ఏ ఇన్‌పుట్ ఇచ్చినా సున్నా రిటర్న్ చేసే ఫంక్షన్. పింగ్ వస్తోంది కదా అని సర్వర్ సరైన జవాబు ఇస్తోందని అనుకోం. ఇదీ అంతే. నిజంగా గ్యాస్ చూపించి అడగాల్సిందే.

ఎలా టెస్ట్ చేస్తారు?

1. ముందు అందరికీ చెప్పి, అవుట్‌పుట్‌ని ఇన్‌హిబిట్‌లో పెడతారు. లేకపోతే టెస్ట్ గ్యాస్‌కే సైరన్ మోగుతుంది, వాల్వులు మూసుకుపోతాయి.
2. ఫిల్టర్ మీద దుమ్ము, నూనె జిడ్డు, పెయింట్ ఉన్నాయేమో చూస్తారు. మూసుకుపోతే గ్యాస్ లోపలికే రాదు.
3. శుభ్రమైన గాలిలో సున్నా సరిచూస్తారు.
4. కప్పు తగిలించి, ఎంత శాతమో ముందే తెలిసిన గ్యాస్‌ని మాన్యువల్ చెప్పిన వేగంతో వదులుతారు. సిలిండర్ ఎక్స్‌పైరీ తేదీ చూడటం మర్చిపోకూడదు.
5. సరిచేయకముందే వచ్చిన రీడింగ్ రాసుకుంటారు. 50 రావాల్సింది 30 వస్తే, ఇన్నాళ్ళూ ఎంత తక్కువ చూపించిందో ఆ అంకె చెప్తుంది. ప్రతిసారీ తగ్గుతుంటే సెన్సార్ మార్చాలి.
6. రీడింగ్ సున్నాకి వచ్చాక ఇన్‌హిబిట్ తీసేస్తారు. ఇది మర్చిపోతే మంచి సెన్సార్ పెట్టి కూడా కాపలా లేనట్టే.

గ్యాస్‌కి స్పందిస్తుందా లేదా అని మాత్రమే చూస్తే అది బంప్ టెస్ట్. అంకె కూడా సరిచేస్తే క్యాలిబ్రేషన్. ఎన్నాళ్ళకోసారి చేయాలో తయారీదారు మాన్యువల్‌లో ఉంటుంది.

సిగరెట్ లైటర్‌తో మాత్రం టెస్ట్ చేయొద్దు. అందులోంచి ఎంత గ్యాస్ వస్తోందో తెలీదు, ఎక్కువైతే సెన్సార్ పాడవుతుంది కూడా.

మనమేం చేయొచ్చు?

వంటగ్యాస్ గాలికన్నా బరువు, అందుకే డిటెక్టర్ నేలకి దగ్గరగా ఉండాలి. కోల్డ్ స్టోరేజీల్లో వాడే అమ్మోనియా తేలిక, దానికి పైన ఉండాలి. ఇంటర్న్‌షిప్‌కో, ఇండస్ట్రియల్ విజిట్‌కో వెళ్తే ఎత్తు చూడండి, క్యాలిబ్రేషన్ స్టిక్కర్ మీద తేదీ చూడండి.

మా మెస్‌లో ఆ రోజే కొత్త సెన్సార్ వేశారు. మళ్ళీ గ్యాస్ వదలగానే సైరన్ చెవులు పగిలేలా మోగింది. వంట మాస్టర్ ఉలిక్కిపడి, తర్వాత నవ్వి, "ఇది మంచి మిషను" అన్నాడు.