డిస్కు నిండి బ్యాకప్ ఆగిపోతే: చేయవలసినవి, చేయకూడనివి

ఖతార్‌లో సెలవు శుక్ర, శనివారాలు. గురువారం రాత్రి డిస్కు నిండితే ఆ సంగతి ఆదివారం పొద్దున గానీ బయటపడదు. అందుకే దోహాలో సర్వర్లు చూసుకునే మనవాళ్లు గురువారం ఇంటికి బయల్దేరేముందే ఆదివారం దాకా జరిగే రాత్రి బ్యాకప్‌లకు సరిపడా చోటుందో లేదో చూసుకోవాలి. అయినా నిండిపోయిందా, కంగారులో చేసే పనులే ఎక్కువ నష్టం తెస్తాయి.

చేయకూడనివి

చోటు కోసం పాత బ్యాకప్‌లు చెరిపేయకండి. నిన్నటి తేదీతో ఉన్న ఫైలు సగంలో ఆగిపోయినది కావచ్చు. మీరు తీసేయబోయే పాతదే పనికొచ్చే ఆఖరి కాపీ కావచ్చు. అది తేలేదాకా దేన్నీ ముట్టుకోవద్దు.

పోస్ట్‌గ్రెస్‌లో వాల్ ఫైళ్లను ‘లాగ్‌లే కదా’ అని చేత్తో తీసేయకండి. క్రాష్ తర్వాత డేటాబేస్ మళ్లీ లేచేది వాటి ఆధారంతోనే. అవి పేరుకున్నాయంటే సాధారణంగా ఆర్కైవింగ్ ఆగిపోయి ఉంటుంది, లేదా ఎవరూ వాడని రెప్లికేషన్ స్లాట్ వాటిని పట్టి ఉంచుతూ ఉంటుంది. ముందు ఆ కారణం వెతకండి. ఒరాకిల్ ఆర్కైవ్ లాగ్‌లను ఆర్‌మ్యాన్‌తోనే తీయాలి.

బ్యాకప్‌ను డేటా ఉన్న డిస్కు మీదే ఉంచొద్దు. 2023 ఆగస్టు 29న జపాన్‌లో టొయోటా ఫ్యాక్టరీలు 14 ఆగిపోయాయి. కారణం సైబర్ దాడి కాదు. రెండు రోజుల ముందు మెయింటెనెన్స్‌లో డేటాబేస్ సర్దుతుండగా డిస్కులో చోటు చాలలేదు. అండగా ఉండాల్సిన సర్వర్లదీ అదే సిస్టమ్ కావడంతో అవీ అక్కరకు రాలేదు. ఎక్కువ చోటున్న సర్వర్‌కు డేటా మార్చాకే పని మళ్లీ మొదలైంది.

తొందరలో కస్టమర్ల డేటాను సొంత ల్యాప్‌టాప్‌లోకి దించుకోకండి. వ్యక్తిగత డేటా రక్షణకు ఖతార్‌లో 2016 నుంచే చట్టం ఉంది.

ఉద్యోగం పోతుందేమో, వీసా ఏమవుతుందోనని దాచకండి. ఎప్పటి నుంచి ఎప్పటి దాకా బ్యాకప్ లేదో రాసి పైవాళ్లకు వెంటనే చెప్పండి. కొత్త బ్యాకప్ వచ్చేదాకా పెద్ద మార్పులేవీ జరగకుండా వాళ్లే ఆపగలరు.

చేయవలసినవి

ముందు బ్యాకప్ జాబ్ ఆపండి, డేటాబేస్ నడుస్తోందో లేదో చూడండి. చోటుతో పాటు ఐనోడ్‌లూ చూడండి. ఫైలు చెరిపినా చోటు రాకపోతే ఏదో ప్రాసెస్ దాన్ని ఇంకా తెరిచి ఉంచిందేమో చూడండి. వీలైతే చెరపడం కంటే డిస్కు పెంచడమే మేలు.

చోటు దొరకగానే వేరే మెషీన్‌లోకి పూర్తి బ్యాకప్ తీసి, టెస్ట్ సర్వర్‌లో రిస్టోర్ చేసి చూడండి. జాబ్ ‘సక్సెస్’ అన్నంత మాత్రాన నమ్మలేం: డంప్‌ను నేరుగా కంప్రెస్ చేసే స్క్రిప్టులో డంప్ మధ్యలో ఆగినా, కంప్రెషన్ సజావుగా ముగిస్తే అంతా బాగున్నట్టే కనిపిస్తుంది.

హెచ్చరికలు నిజంగా అందుతున్నాయో లేదో కూడా పరీక్షించండి. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌లో పొరపాటున డేటాబేస్ చెరిగిపోయాక చూస్తే డంప్‌లు లేనే లేవు. వెర్షన్ తేడా వల్ల అవి విఫలమవుతున్నా, ఆ మెయిళ్లు తిరస్కరణకు గురై ఎవరికీ చేరలేదు. దాదాపు ఆరు గంటల డేటా పోయింది. కాబట్టి విఫలమైనప్పుడు మోగే అలారం ఒక్కటే చాలదు. బ్యాకప్ పూర్తయిందన్న కబురు వేళకు రాకపోయినా ఫోను మోగేలా పెట్టండి.